మంచము పట్టిన దేహమునకు మనిషి చేయియే మందు

కదలలేనివారి శరీరముపై లేచు పడకపుండ్లలో అత్యధికభాగము నివారింపదగినవే. అందులకు కావలసినవి వేళ తప్పని చేయి, ఆ చేతికి తగిన శిక్షణ, దానికి తోడుగా మఱియొక చేయి.

సికింద్రాబాదు రైల్వే స్టేషనులో పదవ ప్లాట్‌ఫారము వైపునుండి వెలుపలికి వచ్చిన ప్రయాణికునికి మొదట ఎదురగు పేట బోయిగూడ. కలప డిపోలు, తుక్కు గోదాములు, వాని నడుమ ఒకదానికొకటి ఆనుకొని లేచిన ఇండ్లు, ఆ ఇండ్లలో రైల్వే కొలువుననో, డిపోలలో కూలిపనిచేతనో, చిన్న దుకాణములచేతనో జీవించు కుటుంబములు, అటుపై పద్మారావునగరు, దానికి ఆవల ముషీరాబాదున, పూర్వము కారాగారముండిన స్థలమున వెలసిన గాంధీ ఆసుపత్రి. 1851లో చిన్న చికిత్సాలయముగా ఆరంభమై, చిరకాలము స్టేషను సమీపముననే ఉండి, 2003లో ఈ క్రొత్త తావునకు తరలిన ఆ మహావైద్యశాల పేటవారికి పెద్ద దిక్కు. అర్ధరాత్రి పక్షవాతము వచ్చినను, పట్టాల చెంత ప్రమాదము జరిగినను, ఆటోలో వేసికొని నిమిషములలో అత్యవసర విభాగమునకు చేర్పవచ్చును.

ఈ కథనము ఆసుపత్రినుండి ఇంటికి తిరిగివచ్చు దారిని గూర్చినది. ప్రాణము దక్కినది, ఇక ఇంటివద్ద చూచుకొనుడని వైద్యులు పంపివేసిన దినమున, స్ట్రెచ్చరుపై ఇరుకు మెట్లెక్కి వచ్చి ముందుగది మంచముపై పరుండిన మనిషి, తనంత తాను ప్రక్కకు ఒరగలేని మనిషి, ఆ దినమునుండియే ఒక క్రొత్త ప్రమాదమునకు లోనగుచున్నాడు. బంధువులు పండ్లు తెచ్చి పరామర్శించి పోవుదురు; మాత్రల వేళలు కాగితముపై వ్రాయబడును; కాని ఆ మనిషి వీపు క్రింద, నడుము క్రింద, మడమల క్రింద ఏమి జరుగుచున్నదో చూచువారు అరుదు. పదిదినములకో, నెలకో, దుప్పటి మార్చునపుడు కనబడిన మరకయో, గదిలో తోచిన దుర్వాసనయో తెలుపువఱకు ఆ సంగతి ఇంటివారికి తెలియదు. వైద్యులు దానిని ప్రెషర్ ఇంజురీ అందురు. ఇంటివారు బెడ్‌సోర్ అనియు, పడకపుండు అనియు అందురు. వచ్చిన జబ్బుతోపాటు అదియును రావలసినదేయని సరిపెట్టుకొను అలవాటు మన ఇండ్లలో బలముగా నాటుకొన్నది. ఆ అలవాటు తప్పని చెప్పుటకే ఈ వ్యాసము.

గాయమెట్లు పుట్టును?

మన చర్మములోని కేశనాళికలలో నెత్తురు ప్రవహించు ఒత్తిడి మిక్కిలి స్వల్పము. 1930లో యూజీన్ లాండిస్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు గోటి మొదట నున్న కేశనాళికలో సూక్ష్మనాళము గ్రుచ్చి కొలిచి, ధమని వైపు కొనయందు అది సగటున 32 మిల్లీమీటర్ల పాదరసప్రమాణమని తేల్చెను. జబ్బకు పట్టీ చుట్టి వైద్యుడు చూచు 120 అంకె ప్రక్కన ఇది ఎంత అల్పమో చెప్పనక్కరలేదు. గట్టి పరుపుపై వెల్లకిల పరున్నవాని నడుము క్రింది త్రికాస్థియు, మడమ ఎముకయు తమ క్రింది మెత్తని కండను నొక్కు ఒత్తిడి ఈ అంకెను అనాయాసముగా మించును. నాళము మూసికొనును; నెత్తురు నిలిచిపోవును; ప్రాణవాయువు అందని కణములు గంటలలో నశింప మొదలిడును. 1959లో మైకేల్ కోసియాక్ కుక్కలపై జరిపిన పరిశోధనలో, అధికమైన ఒత్తిడి స్వల్పకాలములో చేయు కీడును స్వల్పమైన ఒత్తిడి దీర్ఘకాలములో చేయగలదని నిరూపించెను. కావున మెత్తని పరుపు వేసితిమి గదా యని రాత్రియంతయు నిశ్చింతగా నుండుటకు వీలులేదు.

ఇంకొక సంగతి కలదు. చర్మముకంటె దాని లోపలి కండరము ముందుగా చెడును, ఏలయన ఎముకకు ఆనుకొనియున్నది అదియే. అందువలననే పైకి రూపాయి బిళ్లంత కనబడు పుండునకు లోపల పిడికిలి పట్టునంతటి గుంట ఉండుట వైద్యులు తఱచుగా చూచుచుందురు. ఇక తల వైపు దిండ్లు పేర్చి రోగిని ఎత్తుగా కూర్చుండబెట్టినపుడు దేహము క్రమముగా పాదముల వైపు జారును. చర్మము దుప్పటికి అంటుకొని అచటనే నిలువగా, లోని ఎముక క్రిందికి దిగును. ఈ రెంటి నడుమ రక్తనాళములు సాగి, మెలిపడి, మూసికొనిపోవును. కనుకనే భోజనవేళ తప్ప తలాపు 30 డిగ్రీలకు మించి ఎత్తరాదని చెప్పుదురు. చెమటయు, మూత్రమును, మలమును చర్మమును నానబెట్టి ఈ నాశమునకు దారి సుగమము చేయును.

వెల్లకిల పరున్నపుడు తలవెనుక, రెక్కలు, మోచేతులు, త్రికము, మడమలు; ప్రక్కకు తిరిగినపుడు చెవి, భుజము, తుంటి, మోకాళ్ల లోపలి వైపులు, చీలమండలు; చక్రముల కుర్చీలో పిరుదుల క్రింది కూర్చుండు ఎముకలు: ఇవి గాయము పుట్టు తావులు. ఆక్సిజను గొట్టము చెవి వెనుకను, ఆహారపు గొట్టము ముక్కు అంచునను, బిగుసుకొన్న సిమెంటు కట్టు మడమయందును ఇట్టి గాయమునే కలిగింపగలవు. 2020లో గాంధీ ఆసుపత్రి కేవలము కరోనా రోగుల కొఱకే కేటాయింపబడియున్న దినములలో, ఊపిరి అందని రోగులను గంటల తరబడి బోర్లపరుండబెట్టుట ప్రపంచమందలి ఐ.సి.యు.లన్నిట సాధారణ చికిత్సయైనది. ప్రాణములు నిలిపిన ఆ పద్ధతియే నొసటను, చెక్కిళ్లను, గడ్డమునను ఒత్తిడి గాయములు తెచ్చిపెట్టుటను వైద్యలోకమంతయు చూచినది. ఎముక ఉన్నచోటెల్ల, దానిపై బరువున్నచోటెల్ల, ఈ గాయము పుట్టగలదని అప్పుడు మఱల తెలియవచ్చినది.

నొప్పి తెలియని దేహము

ఆరోగ్యవంతుడు నిద్రలో ఎన్నిమార్లు ఒరుగునో ఎన్నిమార్లు కాలు ముడుచునో అతనికే తెలియదు. నెత్తురు అందని కండ నొప్పిని పుట్టించును. ఆ నొప్పి, నిద్రించు యజమానిని లేపకయే ఇల్లు కాచు కావలివానివలె, దేహమును కదలించును. వెన్నుపాము తెగినవానికిని, స్పృహ తప్పినవానికిని, మధుమేహముచేత నరములు మొద్దుబారినవానికిని ఆ కావలి లేదు. పక్షవాతరోగికి నొప్పి తెలిసినను కదలు శక్తి లేదు.

పందొమ్మిదవ శతాబ్దమున దీనిపై పెద్ద వాదము నడచినది. నరములు దెబ్బతినిన పిమ్మట పుండు తప్పదని ఫ్రాన్సు దేశపు మహావైద్యుడు షార్కో చెప్పుచుండగా, బ్రౌన్ సెకార్ అను శాస్త్రజ్ఞుడు వెన్నుపాము తెగిన జంతువులనైనను శుభ్రముగా నుంచి ఒత్తిడి తొలగించినచో పుండ్లు రావనియు, వచ్చినవి మానుననియు ప్రయోగపూర్వకముగా చూపెను. ఫ్లారెన్సు నైటింగేలు తన పరిచర్యా గ్రంథమున పడకపుండునకు బాధ్యత వ్యాధిపై గాక చాలవఱకు పరిచర్యపైననే మోపినది. అయినను వెన్నెముక విరిగినవారు పుండ్లచేతను మూత్రకోశవ్యాధులచేతను త్వరలోనే మరణింతురను నమ్మకము రెండవ ప్రపంచయుద్ధము దాక చెదరలేదు. దానిని చెదరగొట్టినవాడు లుడ్విగ్ గుట్‌మన్. జర్మనీనుండి శరణార్థియై ఇంగ్లండు చేరిన ఈ యూదు వైద్యుడు 1944 ఫిబ్రవరి 1న స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో వెన్నెముక విభాగమును తెఱచి, రేయింబవళ్లు ప్రతి రెండు గంటలకు ప్రతి రోగిని ప్రక్క మార్చవలెనని శాసించెను. మృత్యువు కొఱకు ఎదురుచూచుచుండిన సైనికులు లేచి కూర్చుండిరి. 1948 జూలై 29న పదునారుగురు ఆ ఆసుపత్రి ఆవరణలోనే విలువిద్యలో పోటీపడిరి. నేటి పారాలింపిక్ క్రీడలకు అదియే అంకురము. ఆ క్రీడోత్సవమునకు పునాది ప్రక్క మార్చు ఆ నియమములో ఉన్నదని చాలమందికి తెలియదు.

మన దక్షిణదేశమునకును ఇందు చరిత్ర కలదు. రాయలసీమవారికి చిరపరిచితమైన వేలూరు ఆసుపత్రిలో డాక్టరు పాల్ బ్రాండ్, కుష్ఠరోగుల పాదములపై పుండ్లకు కారణము కుళ్లిపోవు మాంసము కాదనియు, నొప్పి తెలియకపోవుటచేత అదేపనిగా పడు ఒత్తిడియనియు లోకమునకు చాటెను. అచటనే పనిచేయుచు 1954లో కారు ప్రమాదమున నడుము క్రింది భాగమెల్ల చచ్చుబడిన డాక్టరు మేరీ వర్గీసు, చక్రముల కుర్చీలో కూర్చుండియే శస్త్రచికిత్సలు చేసి, విదేశమున పునరావాస వైద్యము నేర్చి వచ్చి, ఆ శాఖను వేలూరున నిలబెట్టినది. హైదరాబాదు ప్రక్కన కూకటుపల్లిలో రాణీ కుముదినీదేవి 1958లో స్థాపించిన శివానంద పునరావాస కేంద్రమును, ఇందూరు సీమలోని డిచ్‌పల్లి ఆసుపత్రియు స్పర్శ కోల్పోయిన పాదములను కాపాడు విద్యకే అంకితములైనవి. నల్లగొండ ఫ్లోరైడు గ్రామములలో ఎముకలు బిగిసి, వెన్నుపాము నొక్కుకొనిపోయి, సంవత్సరముల తరబడి మంచముననే ఉన్నవారిని తలంచిన, ఈ విద్య మనకెంత అవసరమో తెలియగలదు.

కంటికంటె ముందు చేయి

గాయము తొలిదశలో చర్మము ఎఱ్ఱబడునని పాఠ్యగ్రంథములు చెప్పును. ఎఱ్ఱనిచోట వ్రేలితో నొక్కి విడిచినను తెల్లబడనిచో అది మొదటి దశ. ఇది తెల్లని చర్మమును చూచి వ్రాసిన మాట. మన చామనచాయ, నలుపు చర్మములపై ఆ ఎఱుపు కనబడకపోవచ్చును. ఎఱుపు కొఱకు ఎదురుచూచు ఇల్లాలికి మొదట కనబడునది నేరుగా బొబ్బయో, చిట్లిన చర్మమో. కావున మన ఇండ్లలో పరీక్ష చేతితో జరుగవలెను. వ్రేళ్ల వెనుక వైపుతో త్రికమును, తుంటిని, మడమలను తాకి, చుట్టుప్రక్కల చర్మముతో పోల్చవలెను. అచట వేడిగానో చల్లగానో ఉన్నను, గట్టిపడినను, మెత్తబడి లొత్తగా తోచినను, స్పర్శ ఉన్నవారు నొప్పియనినను, రంగు తక్కిన చోటికంటె నల్లబడినను, ఊదారంగు దేలినను, అది హెచ్చరిక. స్నానవేళ ఒకమారు, రాత్రి పరుండబెట్టునపుడు ఒకమారు, పగటి వెలుతురులోనో టార్చిలైటు వెలుగులోనో ఇట్లు చూచుట రెండుమూడు నిమిషముల పని.

తొలిదశలో పట్టుకొన్నచో ఆ చోట బరువు పడకుండ చేసిన చాలును, కొలదిదినములలో సర్దుకొనును. రెండవ దశలో పైపొర ఊడి బొబ్బయో, గులాబిరంగు పచ్చిపుండో ఏర్పడును. మూడవ దశలో చర్మమంతయు పోయి క్రొవ్వు బయటపడును. నాలుగవ దశలో కండరమో, స్నాయువో, ఎముకయో కనబడును. మొదటి దశకు వ్యయము శూన్యము. నాలుగవ దశకు నెలల చికిత్స, శస్త్రచికిత్స, కొన్నియెడల ప్రాణము. వెన్నెముక దెబ్బతిని చక్రముల కుర్చీకి పరిమితుడైన అమెరికా నటుడు క్రిస్టఫర్ రీవ్ 2004లో మరణించుటకు ముందు ఇట్టి పుండు సోకి చెడి చికిత్స పొందుచుండెను. ధనమును, సేవకజనమును, ఉత్తమ వైద్యమును ఉన్నచోటనే ఇది ఇంతటి శత్రువు.

ప్రక్క మార్చు విధము

బోయిగూడ వంటి పేటలలో గది ఇరుకు. మంచము గోడకు ఆనించి యుండును. మొదటి పని దానిని గోడనుండి మనిషి నిలుచునంత ఈవలికి జరుపుట. రోగి నడుము క్రింద భుజములనుండి తొడలవఱకు వచ్చునట్లు ఒక నూలు దుప్పటిని మడిచి పఱచి ఉంచవలెను. ఇరువురు చెరియొక వైపు నిలిచి ఆ దుప్పటి అంచులు చుట్టి పట్టుకొని, ఒక్కసారిగా కొంచెము పైకెత్తి జరుపవలెను. చంకలలో చేతులుపెట్టి ఈడ్చినచో వీపు చర్మము పరుపుతో రాచుకొని ఒలిచికొనిపోవును. ప్రక్కకు త్రిప్పునపుడు ఆవలి మోకాలు మడిచి, ఆవలి చేతిని రొమ్ముపైకి తెచ్చి, భుజమును తుంటిని పట్టి తనవైపు మెల్లగా ఒరగించుకొని, వీపు వెనుక దిండు చేర్పవలెను. పూర్తిగా ప్రక్కవాటుగా నిలిపినచో బరువంతయు తుంటి ఎముకపై పడును గనుక 30 డిగ్రీల వాలు చాలును. త్రికము క్రిందికి చేయి పోనిచ్చి, అచట బరువు లేదని రూఢి చేసికొనవలెను. మోకాళ్ల నడుమ ఒక దిండు. పిక్కల పొడవునా ఇంకొక దిండు, మడమలు పరుపును తాకక గాలిలో తేలునట్లు, వాని క్రిందుగా కాగితము అడ్డులేక పోవునట్లు.

రెండు గంటలకొకమారు మార్చుట వాడుక. మంచి పరుపుండి, చర్మము చేతికి బాగుగా తోచుచున్నచో రాత్రివేళ వైద్యుని సలహాతో ఆ వ్యవధిని పెంచుకొనవచ్చును. పరీక్షలో మార్పు కనబడినచో తగ్గింపవలెను. గోడపై కాగితము అంటించి, ఎన్ని గంటలకు ఏ ప్రక్కయో గీత పెట్టుకొన్న ఇంట వేళ తప్పదు. చక్రముల కుర్చీలోనివారు 15 నుండి 30 నిమిషములకొకమారు ముందునకు వంగియో, ప్రక్కలకు ఒరిగియో, చేతులూని లేచియో పిరుదులకు ఊపిరి ఆడనీయవలెను.

పరుపు, శుభ్రము, పథ్యము

మందుల దుకాణములలో దొరకు ఎయిర్ బెడ్డు, వాటర్ బెడ్డు మేలు చేయును గాని ప్రక్క మార్చు పనిని మాన్పవు. ఎయిర్ బెడ్డు పంపు కరెంటుతో నడచునది; కరెంటు పోయినపుడు పరుపు క్రుంగును, అప్పుడు చేతిపని పెరుగును. పరుపు పనిచేయుచున్నదో లేదో తెలిసికొనుటకు త్రికము సూటిగా దాని క్రిందకు అరచేతిని వెల్లకిల పోనిచ్చి చూడవలెను. ఎముకకును చేతికిని నడుమ అంగుళము మందమైనను లేనిచో అది ఉన్నను లేనట్లే. నడుమ రంధ్రముండు గాలి ట్యూబు చుట్టును ఒత్తిడి పెంచి నెత్తురును అడ్డుకొనును. నీరు నింపిన చేతితొడుగులు మడమలకు పనికిరావు. ఎముకపైని చర్మమును గట్టిగా మర్దించుట లోపలి కండకు కీడు. చర్మమునకు నేరుగా తగులు రబ్బరు షీటు మన వేసవిలో చెమటను బంధించును. దానిపై నూలుబట్ట తప్పనిసరి, ముడుతలు లేకుండ. డయాపరు తడిసిన వెంటనే మార్చి, మంచినీటితో కడిగి, రుద్దక అద్ది, జింకు లేపనమో పెట్రోలియం జెల్లీయో పలుచగా పూయవలెను. పౌడరు తడితో కలిసి గడ్డకట్టి రాపిడి పెంచును.

పప్పు తిన్న చీము పట్టుననియు, గ్రుడ్డు వేడియనియు చెప్పి, మంచము పట్టినవారికి చారన్నముతో సరిపెట్టు ఇండ్లు ఎన్నియో. క్రొత్త కండ పుట్టవలెనన్న మాంసకృత్తులు వలయును. పుండున్నవారికి దినమునకు కిలో దేహబరువునకు 1.25 నుండి 1.5 గ్రాముల మాంసకృత్తులును, 30 నుండి 35 కెలోరీలును కావలెనని అంతర్జాతీయ మార్గదర్శకములు చెప్పుచున్నవి. 50 కిలోల మనిషికి అది 62 నుండి 75 గ్రాములు. ఒక కోడిగ్రుడ్డులో ఉండునది సుమారు 6 గ్రాములే. పప్పు, పెరుగు, పాలు, గ్రుడ్డు, చేప, వేరుసెనగ, పూటపూటకు కొంచెముగానైనను పడవలెను. మూత్రపిండ వ్యాధి ఉన్నవారు మాత్రము వైద్యుని అడిగియే కొలత నిర్ణయించుకొనవలెను. మధుమేహము, రక్తహీనత అదుపులో లేనిచో ఏ పుండును మానదు.

పుండు పడిన పిమ్మట

మొదటి మందు ఆ చోటిపై బరువు తీసివేయుట; అది చేయక వేసిన ఏ లేపనమును ఫలింపదు. సెలైనుతోనో, కాచి చల్లార్చిన నీటితోనో కడుగవలెను. స్పిరిటు, హైడ్రోజను పెరాక్సైడు క్రొత్తగా పుట్టు కణములను చంపును. పసుపు, పౌడరు, పొడిచేసిన మాత్రలు ఇష్టానుసారము నింపుట గాయమును మూసిపెట్టి లోపల చెడనిచ్చుటయే. నల్లని చచ్చిన తోలును ఇంట కత్తిరింపరాదు. మడమపై పొడిగా, కదలక, చుట్టును మంచి చర్మముతో ఉన్న నల్లని పెంకును వైద్యులును తఱచుగా కదలింపరు. జ్వరము, చీము, దుర్వాసన, చుట్టును వ్యాపించు వేడి వాపు, మగత, ఎముక కనబడుట, వీనిలో ఏది తోచినను ఆ దినమే ఆసుపత్రికి పోవలెను. లోతైన పుండ్లకు చచ్చిన కండ తీసివేసి, ప్రక్కనుండి చర్మముతోపాటు కండను త్రిప్పి కప్పు శస్త్రచికిత్స కలదు. కాని ఇంటికి వచ్చిన పిమ్మట ప్రక్క మార్చువారు లేనిచో అచటనే మఱల పుండు పడును.

ఆ చేయి ఎవరిది?

ఇంతవఱకు చెప్పినదంతయు ఎవరో ఒకరు చేయవలసినది. మన ఇండ్లలో ఆ ఒకరు చాలవఱకు భార్యయో, కోడలో, కూతురో. వంట, నీళ్లు, పిల్లలు, కొన్నియెడల కూలిపని, వీనికి తోడు రాత్రియంతయు రెండు గంటలకొకమారు మేల్కొనుట ఒక్క మనిషి చేయగల పని కాదు. తన నడుము విరిగినపుడు ఆమెకు ప్రక్క మార్చువారు ఉండరు. గుట్‌మన్ సాధించినది ఒక్కనిచేత సాధింపబడలేదు. పాళీలు కట్టిన దాదులు, పరిచారకులు ఆ నియమమును నిలిపిరి. ఇంటను పాళీ ఉండవలెను, అందులో మగవారు ఉండవలెను. తండ్రిని ఎత్తగల బలము కొడుకునకు ఉన్నపుడు ఆ పని కోడలిపై వేయుట అన్యాయము.

ఆసుపత్రులకును కర్తవ్యము కలదు. 1987లో బార్బరా బ్రేడెన్, నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ అను ఇరువురు పరిచర్యాశాస్త్రవేత్తలు ప్రకటించిన కొలబద్ద స్పర్శ, తడి, కదలిక మున్నగు ఆరు అంశములపై రోగికి 6 నుండి 23 వఱకు మార్కులు వేయును. 18 గాని అంతకు తక్కువగాని వచ్చినవాడు ప్రమాదములో ఉన్నవాడు. దీనికి యంత్రము అక్కరలేదు, ఒక కాగితము చాలును. ఇంటికి పంపు దినమున ఆ అంకెను మందులచీటీపై వ్రాసి, ఇంటివారిచేత ఒకమారైనను తమ ఎదుట ప్రక్క మార్పించి చూచి పంపుట ప్రతి ఆసుపత్రికిని నియమము కావలెను. కేరళలోని మలప్పురమున 2001లో మొదలైన పేటల ఉపశమన సేవాసంఘములలో సామాన్య పౌరులే శిక్షణ పొంది ఇండ్లకు పోయి పుండ్లు కడుగుచున్నారు. తెలంగాణలో ప్రభుత్వము ‘ఆలన’ పేర నడుపు ఉపశమన చికిత్సా విభాగములు వార్డులతోపాటు ఇంటికి వచ్చు సేవను గూడ చేపట్టినవి. ఆ సేవ ప్రతి బస్తీకి చేరవలెననియు, బస్తీ దవాఖానా సిబ్బందికిని ఆశా కార్యకర్తలకును ఈ విద్య నేర్పవలెననియు అడుగు హక్కు మనకు కలదు.

పాఠకులారా, మీ ఇంట గాని, మీ సందులో గాని మంచము పట్టినవారుండిన, నేడే ఆ దుప్పటి తొలగించి మడమలను, త్రికమును చేతితో తాకి చూడుడు. పరామర్శకు పోవునపుడు పండ్లతోపాటు రెండు దిండ్లు తీసికొనిపొండు. ఒక రాత్రి పాళీ మీరు తీసికొని, ఆ ఇల్లాలిని నిద్రపోనిండు. ఈ పుండు నివారణకు మన దేశమున కొఱతపడినది ఔషధము కాదు, ఆ రెండవ చేయి. దానిని మీరు అందింపుడు.